ఇఫ్తార్‌కి తోడు

 

నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో, హిందువుల ఇంట్లో. పెద్దయ్యాక, చదువుకుని, ఆలోచించుకుని, నా అంతట నేను కలిమా చదివి ఇస్లాంలోకి వచ్చాను. ఎందుకు వచ్చానన్నది ఇవాళ చెప్పబోవడం లేదు, అది నాకూ దేవుడికీ మధ్య సంగతి. నాలాగా కొత్తగా వచ్చినవాళ్లకి రంజాన్ నెల ఎలా గడుస్తుందో చెప్పాలని వచ్చాను.

రంజాన్ మొదలుకాగానే మా వార్డులో నన్ను అందరూ అడిగేది ఒకటే. "మంచినీళ్లు కూడా తాగకూడదా సిస్టర్?" తాగకూడదు. తెల్లవారుజామున తొలివెలుగు వచ్చినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా తిండి లేదు, నీళ్లు లేవు, దాంపత్యం లేదు. చాడీలు, అబద్ధాలు, తిట్లు ఎప్పుడూ తప్పే, రోజాలో, అంటే ఉపవాసంలో, ఉండి ఆ పని చేస్తే ఆ ఆకలికి అర్థమే పోతుంది. ఇదంతా చెప్పేసరికి వాళ్లకి నా మీద జాలి కలుగుతుంది. పాపం, ఎంత కష్టమో అంటారు. వాళ్ల మనసు మంచిది, కానీ కష్టం వాళ్లు అనుకుంటున్న చోట లేదు. పగలు పనిలో గడిచిపోతుంది. ఆకలి రెండుమూడు రోజులకి దారికొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకి అసలు కష్టం సాయంత్రం, రోజా విడిచే ఇఫ్తార్ వేళ, ఆ పది నిమిషాలు.

ఉపవాసం నాకు కొత్త కాదు. కార్తీక సోమవారాలు మా అమ్మ తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చేసి, పగలంతా ఏమీ ముట్టకుండా పొలానికి వెళ్లొచ్చేది. చీకటి పడే వేళకి మా వీధిలో ఆడవాళ్లంతా వాకిళ్లలోకి వచ్చి ఆకాశం వైపు చూసేవాళ్లు. "చుక్క కనబడిందా వదినా?" "అదుగో, కొబ్బరిచెట్టు మీదుగా చూడు." అప్పుడు దీపాలు, అప్పుడు భోజనాలు. పిల్లలం మేము కూడా ఉంటామని పట్టుబట్టి, మధ్యాహ్నానికే నీరసపడి, సాయంత్రం మాత్రం అందరికంటే ముందు చుక్క చూసేవాళ్లం. ఆకలికి ఓర్చుకోవడం ఆ వాకిట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు నా దారి వేరు, నేను మొక్కే తీరు వేరు. అయినా అమ్మ ఉపవాసాల నుంచి నేను నేర్చుకున్నది వృథా అని నాకు ఎవరూ చెప్పలేరు.

చెప్పకూడదని కూడా నా నమ్మకం. దానికి ఆధారం ఉంది. హకీమ్ ఇబ్న్ హిజామ్ అని ప్రవక్త గారి మొదటి భార్య ఖదీజా గారికి మేనల్లుడు ఉండేవాడు. ఆయన మక్కా విజయం నాటికి గానీ ఇస్లాం స్వీకరించలేదు. అప్పటికే వయసు మళ్లినవాడు. అంతకుముందు జీవితమంతా దానాలు చేశాడు, బానిసలకి స్వేచ్ఛ ఇప్పించాడు, బంధువులని ఆదుకున్నాడు. అవన్నీ ఏమవుతాయి, వాటికి పుణ్యం ఉందా అని ప్రవక్త గారిని అడిగాడు. ఆ మంచితోపాటే నువ్వు ఇస్లాంలోకి వచ్చావు అని ఆయన జవాబు. ప్రవక్త గారి మాటలు, చేతలు నమోదైన హదీసు గ్రంథాల్లో ఉన్న ఈ సంగతి చదివిన రోజు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పాత జీవితాన్ని తగలబెట్టి రమ్మని ఆయన అడగలేదు. ఉపవాసాన్ని విధించిన ఖురాన్ వాక్యం కూడా, ఇది మీకంటే ముందు వచ్చినవాళ్లకీ ఉన్నదే అని గుర్తు చేస్తుంది.

నా మొదటి రంజాన్ 2018లో. ఆ ఏడు మే నెల మూడో వారంలో మొదలైంది. గుంటూరు ఎండల గురించి శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు. పైగా మధ్యలో రోహిణి కార్తె. చాంద్రమానం కాబట్టి ఇస్లామీ సంవత్సరం 354 రోజులు, అందుకని రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతూ ముప్ఫై మూడేళ్లలో అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. 2030లో అయితే జనవరిలో ఒక రంజాన్, డిసెంబరు చివర్లో ఇంకో రంజాన్ మొదలవుతాయి. నా వంతుకి నడి ఎండాకాలం తగిలింది. తెల్లవారుజామున నాలుగుంబావు ప్రాంతం నుంచి సాయంత్రం ఆరున్నర దాటేదాకా.

అప్పుడు పాతగుంటూరులో మేడ మీద ఒంటి గదిలో అద్దెకి ఉండేదాన్ని. ముస్లిముల ఇంట్లో పుట్టినవాళ్లకి రంజాన్ దానంతట అదే ఇంట్లోకి నడిచి వస్తుంది. షాబాన్ నెల చివర్లోనే సామాన్లు దించుతారు. తల్లి లేపితే పిల్లలు తెల్లవారుజాము భోజనానికి, సహరీకి, లేస్తారు. నిద్రకళ్లతో తింటారు. తండ్రి గడియారం చూసి ఇంకో గ్లాసు నీళ్లు తాగండి అంటాడు. సాయంత్రం పళ్లు కోసేవాళ్లు ఒకరు, షర్బత్ కలిపేవాళ్లు ఒకరు. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. నాకు మాత్రం అంతా కాగితం చూసి చేసుకునే పని. మసీదువాళ్లు పంచిన సమయాల పట్టిక ఒకటి సంపాదించి తలుపు వెనక అంటించాను. అందులో సహరీ ముగిసే వేళ, ఇఫ్తార్ వేళ ఉర్దూలో, ఇంగ్లీషు అంకెల్లో ఉండేవి. పక్కన నేను పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాను. కుక్కరు విజిల్ వేస్తే కింద ఇంటివాళ్ల నిద్ర చెడుతుందని రాత్రే అన్నం వండి, పొద్దున పెరుగు కలుపుకునేదాన్ని. పెరుగన్నం, అరటిపండు, చెంబెడు నీళ్లు. ఆ చీకట్లో దూరంగా మసీదు మైకులో సహరీకి ఇంకా ఇన్ని నిమిషాలు ఉంది అని చెప్పే గొంతు వినిపిస్తే ధైర్యంగా ఉండేది. మనిషి కనబడకపోయినా ఊళ్లో ఇంకెవరో మేలుకుని ఉన్నారని.

సాయంత్రానికి మాత్రం ఆ ధైర్యం చాలేది కాదు. గిన్నెలో మూడు ఖర్జూరాలు, గ్లాసులో నీళ్లు, ఎదురుగా గోడ. అజాన్ వినపడగానే దువా చదివి ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు. దాహం వల్ల కాదు. పగలంతా దేన్ని తలుచుకుని ఉన్నానో, అది దొరికిన క్షణాన దాన్ని చెప్పుకోవడానికి మనిషి లేడు. మా అమ్మ ఒంటరిగా చుక్క చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. రోజా ఉండేది ఒక్కరే, కానీ విడవడం నలుగురితో జరగాల్సిన పని. నాకంటే వెనక వచ్చిన ఎంతమందితో మాట్లాడినా, ఇదే మాట తిరిగి తిరిగి వింటున్నాను. ఒకబ్బాయి హాస్టల్ మెట్ల మీద కూర్చుని రోజా విడిచేవాడు. ఒకామె అత్తవారింట్లో ఎవరికీ తెలియకూడదని స్నానాలగదిలో నీళ్లు తాగి రోజా విడిచేది.

నాకు దారి చూపించింది వీధి చివర ఉన్న నూర్‌బాషా వాళ్ల ఇల్లు. నూర్‌బాషాలంటే మన కోస్తా జిల్లాల్లో, రాయలసీమలో దూదేకులవాళ్లని కూడా అంటారు. ఒకప్పుడు దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ల వృత్తి. తరతరాలుగా ముస్లిములే, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఆ ఇంటి ముసలామె మేడ మీద ఆరేసిన నా నమాజు దుప్పట్టా చూసి మనవడిని పంపింది. వాడు స్టీలు క్యాను పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "అక్కా, మా నానమ్మ గంజి ఇమ్మంది, అజాన్ అయ్యేలోపు తాగమంది" అన్నాడు. మసీదులో కాసిన రంజాన్ గంజి. బియ్యం, అల్లం, వెల్లుల్లి, మెంతులు వేసి, నూక అన్నం మెత్తగా జారేలా ఉడికించింది. ఖాళీ కడుపుకి అంతకంటే మంచి ఆహారం లేదని నర్సుగా కూడా చెప్పగలను. మూడో రోజో నాలుగో రోజో క్యాను రాలేదు, కబురు వచ్చింది. "గంజి మెట్లెక్కి రావడమేంటి, నువ్వే మెట్లు దిగి రా" అని. వెళ్లాను. చాప మీద కోడళ్లు, మనవలు, నేను. ఆ ముసలామెకి అరబీ రాదు, నాకూ రాదు. దువా ఆమె తెలుగులో చేసేది. నా కోసం, మా అమ్మ కోసం కూడా చేసేది. మా అమ్మని ఆమె ఎప్పుడూ చూడలేదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. చాలా మసీదుల్లో బయాన్, అంటే ధర్మప్రసంగం, ఉర్దూలో ఉంటుంది. తెలుగే వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుని, దేవుడి పేరు, ప్రవక్త పేరు తప్ప ఏమీ పట్టకుండా లేచి వస్తారు. ఇది కొత్తవాళ్ల బాధ మాత్రమే కాదు, ఆ నూర్‌బాషా ఇంటి కోడళ్ల బాధ కూడా. కానీ తెలుగులో చదువుకోవడానికి దారులు చాలాకాలంగా ఉన్నాయి. ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చిన తొలివారిలో చిలుకూరి నారాయణరావు గారు ఒకరు. అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పిన పండితుడు, ఆంధ్ర భాషా చరిత్ర రాసిన వ్యక్తి. ఆయన ముస్లిం కాదు. అయినా ఆ గ్రంథం తెలుగువాళ్లు చదవాలని అంత శ్రమ పడ్డాడు. ఆ తర్వాత అనువాదాలు ఎన్నో వచ్చాయి. రంజాన్‌లో ఖురాన్ ముప్ఫై భాగాలూ ఒక్కసారైనా పూర్తి చేయాలని అందరూ పోటీపడతారు. అరబీ రాని కొత్తవాళ్లు దాంతో బెంగపెట్టుకోవద్దు. రోజూ కాసింత తెలుగులో అర్థం చదువుకోండి. పక్కనే ఫాతిహా సూరాలోని ఏడు వాక్యాలు, ఇంకో రెండు చిన్న సూరాలు సరిగ్గా పలకడం నేర్చుకోండి. నమాజుకి అవి చాలు. నేను తెలుగు లిపిలో రాసి పొయ్యి పక్కన గోడకి అంటించుకుని, కూర కలుపుతూ వల్లెవేశాను. పలుకు దిద్దుకోవడానికి మాత్రం ఒక మనిషి దగ్గర కూర్చోవాల్సిందే, ఆ అక్షరాలు మన లిపిలో లేవు.

దిద్దడం గురించి కూడా ఒక మాట. కొత్తగా వచ్చినవాళ్లని చూస్తే అందరికీ దిద్దాలనిపిస్తుంది. చెయ్యి ఇక్కడ కాదు, అక్కడ కట్టాలి అని ఒకరు. రంజాన్ రాత్రుల్లో చదివే తరావీహ్ నమాజు ఎనిమిది రకాతులే అని ఒకరు, కాదు ఇరవై అని ఇంకొకరు. వాళ్లు వాళ్లు వాదించుకుంటుంటే కొత్తమ్మాయి మధ్యలో నిలబడి ఏడుపు ఆపుకుంటుంది. ప్రవక్త గారు ఎలా దిద్దారో చూడండి. హాతిమ్ తాయి కథలు మన పెద్దలు చెప్పుకున్నవే, దానానికి పేరుమోసిన అరబ్బు. ఆయన కొడుకు అదీ, తాయి తెగకి నాయకుడు, అంతకుముందు క్రైస్తవుడు, తర్వాత ఇస్లాంలోకి వచ్చాడు. తెల్ల దారం నల్ల దారం నుంచి విడివడి కనిపించేదాకా తినండి, తాగండి అన్న ఖురాన్ మాట విని, నిజంగానే రెండు తాళ్లు తలగడ కింద పెట్టుకుని రాత్రంతా చూస్తూ కూర్చున్నాడు. ఏమీ తేడా కనబడలేదు. పొద్దున ప్రవక్త గారికి వెళ్లి చెప్పాడు. అది రాత్రి చీకటి, పగటి వెలుగు గురించిన మాట అని ఆయన చనువుగా విప్పి చెప్పారు. అంతటి నాయకుడిని నలుగురిలో చిన్నబుచ్చలేదు, అతని శ్రద్ధని తీసిపారేయలేదు. మసీదు కమిటీల పెద్దలు ఈ హదీసుని ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. కొత్తమ్మాయి నమాజులో రుకూ దగ్గర తడబడినప్పుడు దాన్ని గుర్తు చేసుకోమని నా మనవి.

ఆ మాటకొస్తే మొట్టమొదటి రంజాన్ రోజాలు ఉన్నవాళ్లు అందరూ కొత్తగా వచ్చినవాళ్లే. హిజ్రీ రెండో సంవత్సరం, అంటే 624లో రోజాలు విధిగా వచ్చాయి. అప్పటికి మదీనాలో పెద్దవాళ్లెవరూ ముస్లింల ఇంట్లో పుట్టినవాళ్లు కాదు. వాళ్లలో అబిసీనియా మూలాల బిలాల్ ఉన్నారు. అంతా పక్కవాళ్లని చూసి నేర్చుకున్నవాళ్లే. వాళ్లకి ఉన్నది పక్కవాళ్లు.

మన హైదరాబాద్‌తో ముడిపడిన ఒక కొత్త ముస్లిం కథ ఈ నెలలో నాకు తరచు గుర్తొస్తుంది. మార్మడ్యూక్ పిక్తాల్. 1875లో పుట్టిన ఇంగ్లీషాయన, నవలా రచయిత. ఇరవై ఏళ్లు రాకముందే పాలస్తీనా, సిరియా తిరిగాడు. అరబీ నేర్చుకున్నాడు. డమాస్కస్‌లోని పెద్ద మసీదులో ఒక వృద్ధ పండితుడి దగ్గర చదువుకుంటూ, నేను ముస్లిం అవుతాను అన్నాడు. ఆ పండితుడు వెంటనే ఒప్పుకోలేదు. మీ అమ్మ సంగతి ఆలోచించావా అన్నాడు. పెద్దవాడివై, మీ ఊరు మళ్లీ చూసి అప్పుడు నిర్ణయించుకో, ఇక్కడ మా మధ్య నువ్వు ఒంటరివి అన్నాడు. క్రైస్తవ గురువు ఎవరైనా నా కొడుకుతో ఇలా కాకుండా ఇంకోలా ప్రవర్తిస్తే నాకెలా ఉంటుందో అని కూడా అన్నాడు. మతం మార్పించే తొందరలో ఉన్న ప్రతివాళ్లూ వినాల్సిన మాటలివి. పిక్తాల్ ఆగాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆగి, 1917 నవంబరులో లండన్‌లో ఒక సాహిత్య సభలో తాను ముస్లింనని బహిరంగంగా ప్రకటించాడు.

1919లో, ఇమామ్ ఊళ్లో లేని సమయంలో, లండన్‌లో నమాజు చేయించే బాధ్యత ఆయన మీద పడింది. ఆ ఏడు రంజాన్ దాదాపు జూన్ నెలంతా నడిచింది. లండన్‌లో జూన్‌లో పగలే పదహారున్నర గంటలు, పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఆ తర్వాత తరావీహ్ చదివించి ఇంటికి చేరేసరికి మళ్లీ సహరీ వేళ అయ్యుంటుంది. ముస్లిం అయి రెండేళ్లు కూడా నిండని మనిషి, వెనక నిలబడ్డవాళ్లలో అనేకులు పుట్టు ముస్లిములు, ముందు నిలబడి ఖురాన్ చదివేది ఈయన. తడబడితే ఏమవుతుందో అని ఆయనకి ఎంత గుబులుగా ఉండి ఉంటుందో నాకు తెలుసు. ఆయన వెనక నిలబడి, ఆయన్ని ఇమామ్‌గా ఒప్పుకున్న ఆ జమాతు పెద్దమనసే నాకు ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది.

తర్వాత ఆయన భారతదేశం వచ్చాడు. కొన్నాళ్లు బొంబాయిలో పత్రిక నడిపి, 1925లో నిజాం కొలువులో చేరాడు. చాదర్‌ఘాట్ హైస్కూలుకి ప్రధానోపాధ్యాయుడు. పదేళ్లు హైదరాబాద్‌లో ఉండి, నిజాం ఇచ్చిన సెలవుతో ఖురాన్‌ని ఇంగ్లీషులోకి అనువదించాడు. 1930లో అచ్చయింది. ముస్లిం కాని ఇంగ్లీషువాళ్లలో ఖురాన్‌ని అనువదించినవాళ్లు అంతకుముందే ఉన్నారు, ముస్లిం అయ్యాక అనువదించిన ఇంగ్లీషువాడు ఆయనే మొదలు. 1936లో ఇంగ్లండులో చనిపోయాడు. చాదర్‌ఘాట్ మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా, ఈ వీధుల్లో ఆయన్ని ఇఫ్తార్‌కి పిలిచిన ఇళ్లు ఎన్ని ఉండి ఉంటాయో అనుకుంటాను. లండన్‌లో రాత్రి తొమ్మిది గంటల సూర్యుడిని చూస్తూ రోజా ఉన్న మనిషికి, ఆరున్నరకే ఊరు ఊరంతా కలిసి రోజా విడవడం ఎలా అనిపించి ఉంటుందో అని.

హైదరాబాద్ రంజాన్ అనగానే హలీం గుర్తొస్తుంది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తినండి, బాగుంటుంది. కానీ కొత్తగా వచ్చినవాడిని హలీం సెంటరుకి తీసుకెళ్లి ఫొటో తీసి పంపించేస్తే సరిపోదు. ఇంటికి తీసుకెళ్లాలి.

2020లో ఒకటి జరిగింది. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది, దేశమంతా లాక్‌డౌన్. మసీదుల్లో జమాతులు ఆగిపోయాయి. తరావీహ్ ఇంట్లోనే చదువుకోమని ఉలమాలు చెప్పారు. ఇఫ్తార్ విందులు లేవు, ఈద్గా లేదు. రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో అప్పుడు గుంటూరు ఒకటి. మేము పీపీఈ కిట్లలో డ్యూటీ చేస్తున్నాం. ఒకసారి తొడుక్కుంటే గంటల తరబడి రోజా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఎవరూ నీళ్లు తాగే వీలు లేదు. చెమటకి లోపల బట్టలు పిండితే నీళ్లు కారేవి. ఒంటికి ముప్పు అనిపించిన రోజుల్లో రోజా వదిలి, ఆ లెక్క చలికాలం చిన్న పగళ్లలో తీర్చుకున్నాను. ఆ నెలలో పుట్టు ముస్లింలైన నా స్నేహితురాళ్లు ఫోన్ చేసి, ఇల్లు బోసిగా ఉందే, పండగలా లేదే, ఒక్కదాన్నే కూర్చుని రోజా విడుస్తుంటే ఏడుపొస్తోంది అనేవాళ్లు. పెళ్లయి దూరంగా ఉన్నవాళ్లు, అద్దె గదుల్లో చిక్కుకున్నవాళ్లు. వాళ్లని ఓదారుస్తూనే చెప్పాను. మాకు ఏటా ఇదే రంజాన్ అని. ఆ మరుసటి ఏటి నుంచి వాళ్లలో ఇద్దరు తమ ఇళ్లలో కొత్తవాళ్ల కోసం విస్తరి వేయడం మొదలుపెట్టారు. ఇప్పటికీ వేస్తున్నారు.

నర్సుని కాబట్టి ఇక్కడే ఒకటి చెప్పి ముందుకెళ్తాను. జబ్బుతో ఉన్నవాళ్లకి, ప్రయాణంలో ఉన్నవాళ్లకి రోజా వాయిదా వేసుకునే అనుమతి ఖురాన్‌లోనే ఉంది. నెలసరిలో ఆడవాళ్లు రోజా ఉండరు, తర్వాత తీర్చుకుంటారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి భయం ఉంటే వెసులుబాటు ఉంది. ఎప్పటికీ ఉండలేని వృద్ధులు, దీర్ఘరోగులు రోజుకి ఒక పేదకి అన్నం పెడితే సరి. కొత్తగా వచ్చినవాళ్లు తమ నమ్మకం నిరూపించుకోవాలన్న పట్టుదలతో ఇన్సులిన్ మానేసి రోజా ఉండటం నేను వార్డులో చూశాను. షుగర్ మందులు వాడేవాళ్లు నెల ముందే డాక్టరుతో మాట్లాడండి. మీరెవరికీ ఏమీ నిరూపించక్కర్లేదు.

ఇక ఇల్లు. ఇది చెప్పకుండా కొత్తవాళ్ల రంజాన్ గురించి చెప్పినట్టే కాదు. మా ఇంట్లో కొన్నాళ్లు మాటల్లేవు. నాన్న ఫోన్ పెట్టేసేవాడు. మతం మారినవాళ్లు ఇంటి మీద పగతో మారారని పెద్దవాళ్లు అనుకుంటారు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఇటువైపు కూడా కొందరు, ఇక ఆ ఇంటితో నీకేం పని అని చెవిలో చెబుతారు. అది ఇస్లాం కాదు. ప్రవక్త గారి సహచరుడు అబూబక్ర్ గారి కూతురు అస్మాని చూడ్డానికి, ఇస్లాం స్వీకరించని తల్లి మదీనా వచ్చింది. కూతురి ఆదరణ కోరి వచ్చింది. అమ్మతో బంధం కొనసాగించవచ్చా అని అస్మా అడిగితే, కొనసాగించు అని ప్రవక్త గారు స్పష్టంగా చెప్పారు. తల్లిదండ్రులు వేరే దేవుళ్లని కొలవమని ఒత్తిడి చేసినా, ఆ ఒక్క విషయంలో లొంగకుండానే వాళ్లతో మంచిగా మెలగమని ఖురాన్ చెబుతుంది. నాకు ఇష్టమైన పేరు నాకు ఉంది, అమ్మానాన్న పెట్టిన పేరూ ఉంది. ఆ పేరులో తప్పు అర్థం ఏమీ లేదు, కాబట్టి మార్చుకోలేదు. డ్యూటీ పట్టీలో ఆ పేరే ఉంటుంది.

ఒక రంజాన్‌లో అమ్మకి ఒంట్లో బాగాలేదని ఊరు వెళ్లాను. ప్రయాణం కాబట్టి రోజా వదలొచ్చు, కానీ ఉన్నాను. సాయంత్రం అమ్మ మంచం మీద నుంచి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆరోజు ఇంట్లో పూజ ఉంది, పులిహోర కలిపారు. నైవేద్యం పెట్టకముందే ఒక గిన్నెలో నా వాటా తీసి, మూత పెట్టి, పై అరలో పక్కన పెట్టింది. నేను అడగలేదు. నైవేద్యం పెట్టింది నేను తినను అని ఎవరి దగ్గర తెలుసుకుందో ఇప్పటికీ తెలియదు. పొద్దు గుంకాక ఆ గిన్నె నా ముందు పెట్టి, "ఇది దేవుడి దగ్గర పెట్టలేదు, తిను" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత దూరం నడిచి వచ్చిందో నాకు తెలుసు. తను నమ్మే దేవుడిని పక్కన పెట్టలేదు, నన్నూ పక్కన పెట్టలేదు. ఇంట్లో ఇలా మతం మారిన పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే, మీకు ఒప్పుకోవాలని చెప్పే అధికారం నాకు లేదు. పొద్దు గుంకే వేళకి ఏం తిన్నావని ఒక్క ఫోన్ చేయండి.

మా ఆసుపత్రిలో నాకు తోడుగా ఒక కేరళ క్రైస్తవ సిస్టర్ ఉంది. రంజాన్‌లో నాకు సాయంత్రం డ్యూటీ పడితే ఆరున్నరకి తను వచ్చి నా బెడ్లు చూసుకుంటుంది. క్రిస్మస్ రాత్రి తన డ్యూటీ నేను చేస్తాను. ముస్లిం ఉద్యోగులు రంజాన్‌లో గంట ముందు ఇంటికి వెళ్లేలా మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇస్తుంటాయి. అత్యవసర విధుల్లో ఉన్నవాళ్లకి అది కుదరదు, కుదరకపోవడమే న్యాయం. డ్రిప్పు నడుస్తున్న రోగి అజాన్ కోసం ఆగడు. అందుకే ఇలాంటి పక్క మనుషులు కావాలి.

పండగ రోజు గురించి చెప్పి ముగిస్తాను. నెలంతా ఏదోలా గడుస్తుంది. ఈద్ నాడు మాత్రం కొత్తవాళ్లకి వెళ్లేచోటు ఉండదు. నమాజు తర్వాత అందరూ కౌగిలించుకుంటారు, ముబారక్ చెప్పుకుంటారు, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతారు. పది గంటలకల్లా వీధి ఖాళీ. నా మొదటి ఈద్ నాడు నేను అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నాను, గదిలో ఉండలేక. విధిగా ఇవ్వాల్సిన దానం జకాత్ ఎవరికి ఇవ్వాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాల్లో, కొత్తగా దగ్గరైనవాళ్ల మనసు గెలవడం కోసం ఇచ్చేది కూడా ఒకటి. దాన్ని చాలామంది డబ్బు లెక్కగానే చూస్తారు. డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఉంటారు, ఇవ్వండి. మాలో ఎక్కువమందికి కావలసింది ఈద్ మధ్యాహ్నం భోజనానికి ఒక పిలుపు. మసీదు కమిటీల పెద్దలకి నా కోరిక ఇది. సమయాల పట్టిక తెలుగులో కూడా అచ్చు వేయించండి. ఆడవాళ్లు వచ్చి కూర్చోవడానికి ఒక గది చూపించండి. కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, ఏ రోజు ఏ ఇంట్లో ఇఫ్తార్ అని నెల మొత్తానికి ముందే పంచేయండి. గంజి పంచగలిగినవాళ్లకి ఇది పెద్ద పని కాదు.

మొదటి రోజా ఒంటరిగా ఉండబోతున్నవాళ్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీకు ఇంకో మాట. పిలుపు కోసం ఎదురుచూడొద్దు. మగవాళ్లయితే మగ్రిబ్‌కి ఓ పావుగంట ముందు దగ్గర్లో ఉన్న మసీదుకి ఒక పొట్లం ఖర్జూరాలు తీసుకుని వెళ్లండి. దస్తర్‌ఖాన్ పరిచి ఉంటుంది, చివర్లో కూర్చోండి, మీ పొట్లం విప్పి మధ్యలో పెట్టండి. ఆడవాళ్లయితే మీ వీధిలో ముస్లిం ఇల్లు ఏదైనా సరే, తలుపు తట్టి, నేను రోజా ఉన్నాను, మీతో కూర్చుని విడవనా అని అడగండి. పేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, మీ అమ్మ సంగతి కూడా అడుగుతారు. ఈలోపు అజాన్ అవుతుంది.